భూటాన్ కోసం మోసిన రాళ్లు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లకు పైగా అడవి రోడ్ల మీద లారీ తోలినవాణ్ణి. వెదురు నరికే చోటికి పోయే మట్టిబాటను మా డ్రైవర్లు కూపు రోడ్డు అంటారు. అలాంటి రోడ్ల మీద బండి చెడిపోయి, లోడు మీదే ఒంటరిగా పడుకున్న రోజులు బోలెడు. కొమ్మకు తగులుకొని తెల్లగుడ్డ ఊగుతుంటే దిగి వెళ్లి తెచ్చుకొని అద్దం తుడుచుకున్నానే గాని, దానికి దండం పెట్టలేదు.

అయితే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నా నోటికి అబద్ధం తేలిగ్గా వస్తుంది. జూలూరుపాడు చుట్టుపక్కల నన్ను ఎలుగుబంటి లింగయ్య అంటారు. నా నుదుటి మీద కనుబొమ్మ దగ్గర మొదలై జుట్టులోకి పోయే మచ్చ ఒకటుంది. పెళ్లిళ్లలో పిల్లలు చుట్టూ చేరి ఆ కథ చెప్పమంటారు. అడవిలో ఎలుగుబంటి మీద పడితే దాని నాలుక పట్టుకొని గుంజానని చెబుతాను. మొదట్లో ఒక్క ఎలుగుబంటే ఉండేది. కొన్నాళ్లకు దానికి పిల్ల పుట్టింది. ఈమధ్య మగ ఎలుగుబంటి కూడా వచ్చి చేరింది.

ఎలుగుబంటి లేదు. ఆ రోజు నా నుదురు పగలగొట్టింది సామ్యేలు మాస్టారు.

ఆయన్ను ఎరిగినవాళ్లు ఈ మాట దగ్గరే చదవడం ఆపేస్తారు. మాస్టారు మా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. సర్వీసంతా బెత్తం పట్టలేదు. ఆరో తరగతి పిల్లల్ని కూడా 'అండీ' అనేవారు. "ఏమండీ మల్లేశుగారూ, హోంవర్కు ఎందుకు చేయలేదండీ?" అంటే క్లాసంతా నవ్వేది. ఆయనా నవ్వి, మళ్లీ అండీ అనే అడిగేవారు. చర్చి మెట్ల మీద పడుకున్న మేకను కూడా "కాస్త జరగండి" అనేవారు. ఈ మేక నేను కల్పించింది. తక్కినది నిజం.

ఒకసారి ఆయన హిమాలయాల పాఠం చెబుతుంటే ఒక ఆడపిల్ల లేచి, "సార్, మీరు మంచు చూసిన్రా?" అని అడిగిందట. చూడలేదన్నారట. "మరి ఎట్ల చెప్తున్నరు సార్?" అని ఆ పిల్ల కూర్చుందట. ఆ మాట ఆయనకు రిటైరైనా పోలేదు. భార్య చనిపోయాక ఇంట్లో ఆయనా, గోడ మీద ఒక మ్యాపూ మిగిలారు. రెండువేల ఆరో, ఏడో, ఆ రోజుల్లో ఖమ్మంలో ట్రావెల్స్ నడిపే ఒకతను భూటాన్‌కు మనుషుల్ని తీసుకెళ్తున్నాడని తెలిసింది. మాస్టారు ఆ మధ్యాహ్నమే మా ఇంటికొచ్చారు.

"లింగయ్యగారూ, వెళ్దామండీ. మంచు చూద్దాం. బౌద్ధ మఠాలు చూద్దాం. ఒక రోజు కొండ మీద ట్రెక్కింగ్ కూడా ఉందట."

నాకు బౌద్ధం తెలియదు. లారీ వెళ్లని చోటికి మనిషి ఎందుకు వెళ్లాలో అసలే తెలియదు. మాస్టారిని ఒంటరిగా పంపడం ఇష్టంలేక సరేనన్నాను. కాదు, అదీ అబద్ధమే. పక్కనే చిక్కుళ్లు ఒలుస్తున్న మా ఆవిడ సత్తెమ్మ, "నువ్వా, గుట్టలెక్కేది? బాత్రూం మెట్టెక్కి రొప్పుతవ్" అంది. అందుకు సరేనన్నాను.

అప్పటి నుంచి సాయంత్రాలు మాస్టారి వరండాలో నాకు పాఠాలు. రైల్లో కలకత్తా, అక్కడి నుంచి ఉత్తర బెంగాల్ మీదుగా సరిహద్దు ఊరు. మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చూపిస్తే పర్మిట్ ఇస్తారు. నా కార్డులో ఫొటో సరిగ్గానే ఉంది గాని పక్కన 'స్త్రీ' అని పడింది. దాన్ని మార్పించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడే నాకు మొదటి ట్రెక్కింగ్.

స్తూపం కనిపిస్తే కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలి. దేన్నీ వేలెత్తి చూపకూడదు, అరచెయ్యి చాపాలి. ఎదురైనవాళ్లను 'కుజూజాంగ్‌పో లా' అని పలకరించాలి. నేను ఆ మాట మా బర్రె మీద సాధన చేశాను. మఠం వాకిట్లో కొయ్య మొహాలు తొడుక్కొని నాట్యం చేస్తారట. కోరపళ్లు, గుడ్లురుముతున్న కళ్లు. అవి దయ్యాలు కావు, చెడును అణచడానికి కోపం తెచ్చుకున్న దేవతలని మాస్టారు చెప్పారు.

"కోపానికి మొహం తొడిగి, నలుగురి మధ్య ఆడించి, తీసేసి గూట్లో పెట్టేస్తారండీ. ఎంత మంచి పద్ధతి చూడండి," అన్నారు. ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక అసలు చిక్కు. కొండ చరియకు అతుక్కున్నట్టుండే ఒక మఠానికి ఎక్కాలి. గుర్రాలు సగం దాకే వస్తాయి. ఆ తర్వాత కాళ్లే దిక్కు, ఎవరి సంచి వాళ్లదే. "అరవై దాటినోళ్లు బరువుతోని గుట్టెక్కి అలవాటు చేసుకోన్రి. దారిల కూలబడ్తె నేను మోయలేను. చేతగాకపోతె ఇప్పుడే చెప్పున్రి" అని ట్రావెల్స్ అతను ఖరాఖండిగా చెప్పాడు. మాస్టారు రెండు వీపు సంచులు తెచ్చారు. మొదటి రెండు రోజులు వాటిలో బియ్యం పోసుకొని నడిచాం.

"బియ్యాన్ని వాకింగ్‌కు తీస్కపోతున్నవా? పురుగులకు గాలి తగలాల్నా?" అని సత్తెమ్మ మూడోనాడు సంచి లాగేసుకుంది.

అప్పుడు రాళ్ల మాట వచ్చింది.

జూలూరుపాడు దాటి అడవిలోకి పోయే పాత కూపు రోడ్డు మీద, గుట్ట మొదలయ్యే మలుపులో ఒక రాళ్ల కుప్ప ఉంది. ఆ దారిన పోయే ప్రతివాడూ దాని మీద ఒక రాయి వేసి పోతాడు. ఆ చుట్టుపక్కలంతా ఇసుకమట్టి, ఏరుదామన్నా రాయి దొరకదు. అందుకని డ్రైవర్లం అంతకు ముందొచ్చే వాగు దగ్గరే ఒకటి ఏరి క్యాబిన్‌లో పెట్టుకునేవాళ్లం. నేను బండి ఆపకుండా కిటికీలోంచే విసిరేవాణ్ణి. నమ్మి కాదు. అందరూ హారన్ కొట్టే చోట మనమూ కొడతాం చూడండి, అలాగ.

ఆ కుప్ప ఎందుకుందో ఇద్దరు ఒక్క తీరుగా చెప్పరు. మలుపులో టీ కొట్టు నడిపే ముత్తమ్మ, "పెండ్లాన్ని కొట్టి సంపినోడు గీడ్నే దొరికిండంట తాతా. ఊరంత రాళ్లతోని కొట్టి సంపిన్రు. పోయేటోళ్లు కూడ తలా ఒకటి కొట్టాలె" అనేది. నా దగ్గర పనిచేసిన క్లీనరు మాత్రం, పొలం గట్టు కోసం ఇద్దరు పాలివాళ్లు గొడ్డళ్లతో నరుక్కొని చచ్చారని, వాళ్లు లేవకుండా పైన బరువు పెడుతున్నామని అనేవాడు. ఫారెస్టు వాచర్‌ను అడిగితే, అది హద్దు గుర్తు, అంతే పొమ్మన్నాడు. అవి దెబ్బలో, బరువో ఎవరికీ తెలియదు.

రాయి వేయాలని అందరూ చెప్పారు. తీయకూడదని ఒక్కరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఊరికే రాళ్లు వీపున వేసుకొని గుట్ట ఎక్కేవాడు అప్పటిదాకా ఆ దారిన రాలేదు.

ఆ రోజు పొద్దున ఎండ ఇంకా పదునెక్కలేదు. మాస్టారు ముందు తను తెచ్చిన రాయి ఒకటి కుప్ప మీద పెట్టారు. "వాళ్ల దేశంలో కూడా కనుమ దాటేటప్పుడు ఇలాగే రాయి పెడతారండీ. మనుషులంతా ఒకటే," అని మురిసిపోయారు. తర్వాత కుప్పను ఎగాదిగా చూసి, "బరువుకు ఇవి సరిగ్గా సరిపోతాయి. పైదాకా మోసి, దిగేటప్పుడు మళ్లీ ఇక్కడే పెట్టేద్దాం" అన్నారు.

నేను వద్దని అడ్డుపడ్డానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. పడలేదు. వాగులో అరిగిన నున్నటి రాళ్లయితే వీపుకు గుచ్చుకోవని నేనే ఏరి ఇచ్చాను. పైవాటి కంటే లోపలివి బాగున్నాయని కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి మరీ తీశాను. లోపలి రాళ్లు చల్లగా లేవు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

ముత్తమ్మ కొట్లోంచి తొంగిచూసింది. "ఓ తాతా, గా రాళ్లెందుకు?"

"భూటాన్ పోతన్నం బిడ్డా."

"గాడ రాళ్లు లేవా?"

మాస్టారు పగలబడి నవ్వారు. ఆ పూట ఆయన నవ్వడం అదే ఆఖరు.

గుట్ట ఎక్కేటప్పుడు మాస్టారు మామూలుగా ఆగకుండా మాట్లాడతారు. ఆ రోజు నోరు విప్పలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు. ఆయాసం వల్ల కాదు. వీపు మధ్యలో ఏదో నొక్కుతోంది. రాయి గుచ్చుకుంటోందేమోనని సంచి సర్దుకున్నాను. కాసేపటికి మళ్లీ. వెనక నడిచేవాడు పిడికిలితో, నడువు, నడువు అని పొడుస్తున్నట్టు. వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు పది గజాల దూరంలో ఉన్నారు. తల దించుకొని చేతికర్రతో దారి పక్క పొదల్ని కొడుతున్నారు. ఊరికే తట్టడం కాదు. ఆకులు, రెమ్మలు ముక్కలై ఎగురుతున్నాయి.

గుట్ట పైన ఒక వెడల్పాటి బండ ఉంది. దాని మీదికి అడుగు పెట్టి నీళ్లు తాగుదామని ఆగాను. వెనక నుంచి మాట వినిపించింది.

"నడువ్‌రా."

నా జీవితంలో నన్ను ఎందరో రా అన్నారు. చెక్‌పోస్టు దగ్గర, లోడింగ్ దగ్గర, మా అత్తగారింట్లో. మాస్టారి నోట అది వినగానే నాకు నవ్వొచ్చింది. తిరిగేలోపే కర్ర నా చెవి వెనక పడింది.

ఇక్కడి నుంచి ఏమీ పెంచకుండా రాస్తాను. పెంచే అవసరం లేదు.

నాకు నొప్పి తెలియలేదు. సంతోషం కలిగింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి చివరికి చేతికి చిక్కాడన్నంత సంతోషం. నీళ్ల సీసా పారేసి ఆయన గొంతు పట్టుకున్నాను. నా రెండు బొటనవేళ్లు ఆయన గొంతు గుంటలో దిగబడటం నాకింకా గుర్తుంది. ఆయన మోకాలితో నా పొట్టలో తన్నారు. ఇద్దరం బండ మీద పడ్డాం. వీపుల మీద రాళ్ల సంచులతో, వెల్లకిలా పడిన తాబేళ్లలా కాళ్లు కొట్టుకుంటూ పొర్లాం. దూరం నుంచి ఎవరైనా చూస్తే నవ్వేవారే. నేను ఆయన చెయ్యి కొరికాను. నా కట్టుడు పళ్లు ఊడి బండ మీద జారిపోయాయి. పళ్లు లేని చిగుళ్లతోనే మళ్లీ కొరికాను. ఆయన నా తల పట్టుకొని రాతికేసి కొట్టారు. నేను ఆయన వేళ్లు దొరకపుచ్చుకొని వెనక్కి విరిచాను. చిన్న చప్పుడైంది. ఆయన అరవలేదు.

అరిచింది నేను. "జోగా! నీ పాణం తీస్త జోగా!"

ఆ పేరుగల మనిషి నా ఎరుకలో లేడు. పెట్టుకున్న గొడవలున్నాయి, తిన్న దెబ్బలున్నాయి, వాటిలో ఎక్కడా జోగయ్య లేడు. మాస్టారు కూడా అదే పేరు పెట్టి నన్ను తిడుతున్నారు. నాకు ఆయన జోగడు. ఆయనకు నేను జోగణ్ణి. ఆయన సంచి మూత తెగింది. విరగని చేత్తో అందులోంచి ఒక రాయి తీశారు. రెండు కళ్లూ పెట్టి నా మొహాన్ని గురి చూసి దించారు.

కళ్లలో నెత్తురు నిండింది. పడిపోతూ ఆయన సంచి పట్టీ పట్టుకొని గుంజాను. అది తెగి రాళ్లు బొడబొడమని బండ మీద నుంచి కిందికి దొర్లాయి. నేను పక్కకు ఒరిగినప్పుడు నా సంచి కూడా జారి పల్లంలోకి పోయింది.

ఇంజన్ ఆపితే ఎలా ఉంటుందో అలా అయింది. అంత రోదా ఒక్కసారిగా లేదు. మాస్టారు నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన చేతిలో ఇంకా ఆ రాయి ఉంది. దాన్ని చూసి, నన్ను చూసి అడిగారు.

"ఏమండీ లింగయ్యగారూ, ఎవరండీ మిమ్మల్ని కొట్టింది?"

ముత్తమ్మ కొడవలి పట్టుకొని రొప్పుతూ పైకి వచ్చింది. మమ్మల్ని చూసి నోరు నొక్కుకుంది. తన కొంగు చించి నా తల కట్టింది. కట్టి, చుట్టూ చూసింది.

"మూడో ఆయన ఏడి?"

"మూడో ఆయన ఎవరే?" అన్నాను.

"మీరిద్దరు జోగా, జోగా అని మొత్తుకుంటాంటె 'ఆఁ, ఆఁ' అని పలికిండు గదా? కిందికి ఇనపడ్డది. నా మరిది పేరు గూడ జోగయ్యే. ఆయన్నే కొడ్తున్నరేమో అని ఉరికొచ్చిన." అంతలో తనకే గుర్తొచ్చింది. "కానీ ఆయన పొద్దుగాలనే పాల్వంచ పాయె."

ఆ బండ మీద దాక్కోవడానికి చోటు లేదు. నాకు మూడో గొంతు వినపడలేదు. నా గొంతు కూడా నాకు సగమే వినపడింది.

ఆటోలో దవాఖానాకు పోతుంటే ఎలుగుబంటిని పుట్టించాను. మాస్టారు మాట్లాడే స్థితిలో లేరు. కొత్తగూడెంలో కుట్లు వేసిన డాక్టరు మా ఇద్దరి వీపులూ చూసి, "ఎలుగుబంటి గోళ్లతో చీరుతుంది తాతా. ఇవి గుద్దిన గుర్తులు. పిడికిలితో" అన్నాడు.

"దానికి పిడికిలి ఉండదా సారూ?" అన్నాను.

నిజమే చెప్పాలి, పొర్లినప్పుడు సంచిలోని రాళ్లు తగిలి కూడా అలా కమిలి ఉండొచ్చు. అలాగే అనుకుందాం.

రెండు రోజుల్లో పేపర్లో జిల్లా పేజీలో 'ఎలుగుబంటి దాడి, ఇద్దరు వృద్ధులకు గాయాలు' అని పడింది. ఫారెస్టువాళ్లు పోయి పటాకులు కాల్చారు. మండలమంతా నమ్మింది. నమ్మనిది సత్తెమ్మ ఒక్కతే. పాలు కాచి తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎలుగుబంటి కర్రతోని కొట్టిందా నీ చెవెనక?"

నేను పాలు ఊదుకున్నాను.

"కట్టుడు పండ్లు గూడ గుంజుకపోయిందా? దానికెందుకయ్యా, మక్క కంకులు తిననీకా?"

ఆ తర్వాత ఆమె అడగలేదు.

మాస్టారు మాత్రం మామూలు మనిషి కాలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని దాన్నే చూస్తూ కూర్చునేవారు. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో ఉండే మనిషి తలుపు దగ్గరి బెంచీకి మారారు. పక్కింటి పిల్లలు మ్యాపు చూడటానికి వస్తే లోపలికి రానివ్వలేదు. ఒక రోజు, నేను భూటాన్ రానండీ అన్నారు.

"ఎందుకు సారూ? గాయాలు మానుతున్నయి గదా."

"ఆ కొండ దారి ఇరుగ్గా ఉంటుందట. పక్కన లోయ. నా ముందు ఎవరి బిడ్డో నడుస్తుంటుంది. నా చెయ్యి మళ్లీ లేస్తే?"

"అది మీరు కాదు సారూ. ఆ రాళ్లు."

"అని మీరంటున్నారు." కట్టు ఉన్న చేతిని తిప్పి చూసుకున్నారు. "అరవై ఏళ్లుగా ఎవర్నీ కొట్టలేదండీ. మంచివాణ్ణని కొట్టలేదో, ఎవరి కోసమో దాచుకున్నానో నాకెలా తెలుస్తుంది?"

ఆయనకు పోయింది భూటాన్ ఒక్కటే కాదు. తన చేతుల్ని తను నమ్మడం పోయింది. అలాగే చచ్చిపోయేలా ఉన్నారు.

నేను గుట్టెక్కి, పల్లంలోకి దొర్లిన రాళ్లన్నీ ఏరాను. వీపున వేసుకోలేదు. గోనెపట్టా మీద పెట్టి ఈడ్చుకొచ్చి కుప్పలో కలిపాను. నా నెత్తురంటిన రాయి ఏదో తెలుసుకోలేకపోయాను, మధ్యలో వాన పడింది. తర్వాత మాస్టారితో అన్నాను. ఇంకొక్కసారి ఆ రాళ్లు నేనొక్కణ్ణే మోస్తాను, మీరు ఉత్త చేతులతో దూరంగా నడవండి, నాకు మళ్లీ పిచ్చి లేస్తే తప్పు రాళ్లదే కదా అని. చాలాసార్లు వద్దన్నారు. చివరికి ఒప్పుకొని, నా సంచి పట్టీ కోయడానికి కూరగాయల కత్తి జేబులో పెట్టుకున్నారు. మళ్లీ తీసేశారు. ఆలోచించి మళ్లీ పెట్టుకున్నారు.

మాస్టారు చనిపోయేదాకా ఆయనకు తెలిసిన కథ ఇది. బండ మీదికి రాగానే నాకు కళ్లెర్రబడ్డాయి. బూతులు తిడుతూ ఒక నల్లమద్ది చెట్టును కాళ్లతో తన్నాను. తల దానికేసి బాదుకున్నాను. జోగా, జోగా అని అరిచాను. కట్టు కింద కుట్లు విడిపోయి నెత్తురు కారింది. మాస్టారు ఉరికొచ్చి పట్టీలు కోసి సంచి పడేశారు. నేను గుడ్లప్పగించి, "ఏమైంది సారూ?" అన్నాను. ఆయన నన్ను కౌగిలించుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "రాళ్లేనండీ. నేను కాదండీ. రాళ్లే."

అది నాటకం. రెండోసారి మోసినప్పుడు నాకు ఏమీ కాలేదు. వీపున ఎవరూ పొడవలేదు. రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. గుట్ట ఎక్కుతున్నంతసేపూ కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాకపోయేసరికి, మాస్టారి కోసం తెప్పించుకున్నాను. లారీ మీద నేర్చుకున్న బూతులన్నీ ఆ చెట్టుకు ధారపోశాను. నెత్తురు మాత్రం నిజమే. నా అబద్ధాల్లో పెద్దది ఆ నాటకమే, దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

ఇంతవరకే అయితే దీన్ని రాసేవాణ్ణి కాదు.

ఆ నాటకం మధ్యలో, మాస్టారికి నమ్మకం కుదరాలని, చెట్టు వైపు తిరిగి మొదటిసారి "జోగా!" అని గట్టిగా పిలిచాను.

వెనక నుంచి "ఆఁ" అని పలికారు.

కోపంగా కాదు. పనిలో ఉన్న మనిషి ఎవరో పిలిస్తే తలెత్తకుండా పలికినట్టు. తిరిగి చూశాను. వెనక ఉన్నది మాస్టారు ఒక్కరే. వీపున సంచి లేదు, చేతిలో రాయి లేదు. నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. ఆయన చూపు నా మొహం మీద లేదు, నా మెడ మీద ఉంది. చెయ్యి జేబులో ఉంది. ఒక్క క్షణం. మరుక్షణం ఆ మొహం నాకు తెలిసిన మొహమై, కంగారుపడుతూ నా వైపు పరిగెత్తుకొచ్చింది. ఆయన కత్తి తీసి నా పట్టీ కోసేటప్పుడు నేను ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డాను. పట్టీనే కోశారు.

ఆ సాయంత్రం టీ తాగుతూ, ఏదో మాటల్లో అడిగినట్టు, "సారూ, గుట్ట మీద నేను పిలిస్తే పలికిన్రా?" అన్నాను.

"మీరు నన్ను పిలవలేదు కదండీ," అన్నారు ఆయన. "ఇంకెవర్నో పిలిచారు."

మేం భూటాన్ వెళ్లాం. అది మాత్రం నిజం, ఫొటోలున్నాయి. కనుమ మీద పాత మంచు నీడపట్టున కొంచెం మిగిలి ఉంటే, మాస్టారు వంకర తిరిగిన వేళ్లతోనే దోసిట్లోకి తీసుకొని, "చూశానమ్మా" అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో నాకు తెలుసు. అక్కడ రాళ్లు పేర్చిన చోట గైడు అందర్నీ తలా ఒక రాయి పెట్టమన్నాడు. మాస్టారు ఒకటి ఏరి, పసిపాపను పడుకోబెట్టినంత మెల్లగా పెట్టారు. నేను చేతులు జేబుల్లోంచి తీయలేదు. మఠం వాకిట్లో కోరపళ్ల కొయ్య మొహాలు ఎగిరెగిరి ఆడుతుంటే గుంపంతా ఫొటోలు తీసుకుంది. నేను నాట్యం చూడలేదు. మాస్టారిని చూశాను. ఆయన చప్పట్లు కొడుతున్నారు.

కొండ చరియ దారిలో మాస్టారు ముందు, నేను వెనక. "మీరు ముందు నడవండి లింగయ్యగారూ, నా వల్ల మీకు ఆలస్యం" అని ఎన్నోసార్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ముందు ఇంకెవర్నీ నడవనివ్వలేదు కూడా, మాతో వచ్చిన అమ్మాయిల్ని, దంపతుల్ని ఏదో ఒక సాకు చెప్పి వెనక్కి తెచ్చుకున్నాను. పెద్దాయన మీద ఎంత గౌరవమో అని గుంపులో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

దారంతా ఆయన ఒక్కరి మీద కూడా చెయ్యెత్తలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎత్తలేదు. పక్కింటి పిల్లలు మళ్లీ మ్యాపు చూడటానికి వచ్చేవాళ్లు, ఆయన మళ్లీ వాళ్లను అండీ అనేవారు. నిద్రలోనే, ఎవరికీ కష్టం ఇవ్వకుండా వెళ్లిపోయారు. రాళ్లదే తప్పయితే రెండోసారి నాకేమీ ఎందుకు కాలేదో, రాళ్లది కాకపోతే ఏమీ మోయని మనిషి ఆ పేరుకు ఎందుకు పలికాడో నేను తేల్చుకోలేకపోయాను. ఆయన్నే అడిగి ఉంటే తేలేదేమో. అడగలేదు.

కూపు రోడ్డు ఇప్పుడు తారు రోడ్డయింది. కుప్ప ఉంది. ఆ వైపు పోతే నేనూ ఒక రాయి వేసి వస్తాను, దెబ్బగానో బరువుగానో తెలియకుండానే. పిల్లలు మచ్చ గురించి అడిగితే ఎలుగుబంటి కథే చెబుతాను. ఒక్కటి మాత్రం మారింది. నన్ను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే వెంటనే పలకను. మళ్లీ పిలవనిస్తాను. పిలిచింది లింగయ్యనేనని తేలాక పలుకుతాను. చెవుడొచ్చిందని సత్తెమ్మ అందరికీ చెబుతోంది.